అక్క దగ్గరున్న బోల్టు

జునిపర్ ఫ్లాట్
సెప్టెంబరు 14

తమ్ముడూ వెర్లిన్,

తింటున్నావా? ముందు ఆ సంగతి చెప్పు, మిగతావి తర్వాత.

నేను బానే ఉన్నా. మోకాలు మాత్రం మెట్లెక్కనివ్వడం లేదు. ఈ ఏడు ఆపిల్స్‌కి పురుగు పట్టింది, అయినా బాగున్నంత మేరా కోసి పద్నాలుగు సీసాలు జాము చేశా. మూతలు బిగిశాయో లేదోనని ఒక్కొక్కటీ రోజుకి మూడుసార్లు నొక్కి చూస్తున్నా. ఎవరో ఇంట్లో నిలవ పెట్టిన చిక్కుళ్ల సీసా తిని ఆస్పత్రి పాలయ్యారని రేడియోలో విన్నప్పటినుంచీ సీసా చూస్తేనే గుండె దడ.

ఇంతకీ రాయాల్సింది ఇది. బుధవారం చర్చి కింద గదిలో మీటింగు పెట్టారు. మన రాష్ట్రంలో తుపాకీ విడిభాగాల మీద కొత్త నిబంధనలొస్తున్నాయట, డిసెంబరు ఒకటి నుంచి. కౌంటీ ఆఫీసు నుంచి టై కట్టుకున్నవాడు ఒకడొచ్చి కాగితం చదివాడు. ఇకమీదట తుపాకీ భాగం ఏదైనా సరే, కొన్నా, అమ్మినా, ఊరికే చేతికిచ్చినా లైసెన్సున్న కొట్టు ద్వారానే జరగాలట. ఇచ్చినవాళ్ల పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరు, దానిమీది నంబరు పుస్తకంలో ఎక్కాలట. వేరేవాళ్ల భాగం మన ఇంట్లో ఉంటే ఆ తారీఖులోగా కొట్టులో అప్పజెప్పాలట. లేకపోతే కేసు. మగవాళ్లు ఒకటే అరుపులు. వెనకనుంచి ఎవడో "మా ఆవిడ నా పళ్లసెట్టు దాచేస్తుందండీ, దానికీ ఫారం ఉందా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పక్కింటి ఒపల్ నా చెయ్యి పట్టుకుని "ఏమే లియోటా, చేపలా ఇంత చల్లగా ఉన్నావేం?" అంది.

ఎందుకో నీకు తెలుసు. మరదలు నాడీన్ పోయిన మూడోవారం నీ రైఫిల్లోంచి తీసి తెచ్చిన బోల్టు నా దగ్గరే ఉందిగా. వెనక్కి లాగి ముందుకి తోసే ఆ ఇనపముక్క లేనన్నాళ్లూ నీ రైఫిలు ఉత్త గొట్టం. ఆ ధైర్యంతోనే నాకు నిద్ర పడుతోంది. ఇప్పుడేమో అది నా ఇంట్లో ఉండటమే నేరమంటున్నారు. నేను ఆరో తరగతిలో బడి మానేసినదాన్ని, ఆ కాగితం నాలుగుసార్లు చదివినా సగం బోధపడలేదు. మీ బావ క్లీట్ ఉంటే చెప్పేవాడు, నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల తుపాకులన్నీ బాగుచేసినవాడు. ఒపల్‌ని అడుగుదామంటే, అసలది నీ దగ్గరెందుకుంది అంటుంది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. అనను.

ఏం చెయ్యమంటావో రాయి. ఫోను చేస్తే నీకు వినపడదు, నువ్వు ఊ ఊ అంటావు, నేను ఏడుస్తా.

మీ అక్క
లియోటా

తా.క. మేజోళ్లు పంపుతున్నా. తడిసినవి వేసుకుని తిరక్కు.


కోల్డ్ ఫోర్క్
సెప్టెంబరు 22

అక్కా,

తింటున్నా. మేజోళ్లు అందాయి. రెండూ ఎడమకాలివే అల్లినట్టున్నావు, ఫర్వాలేదు, నా కాళ్లు అంత తేడా పట్టించుకోవు.

నిన్ను జైల్లో వేస్తే మూడోరోజుకి జైలరే తాళాలు నీ చేతికిచ్చి పారిపోతాడు. కాబట్టి బెంగపెట్టుకోకు.

ఇక్కడ అంత బాగాలేనిది గుర్రమే, క్లోవర్. ఇరవై తొమ్మిదేళ్లొచ్చాయి దానికి. పళ్లు అరిగిపోయి ఎండుగడ్డి నమల్లేక ఉండలు చుట్టి ఉమ్మేస్తోంది. వెనక కాళ్లు పట్టు తప్పుతున్నాయి. మంచు పడ్డాక ఒకసారి కూలబడిందంటే ఇక లేవదు. అలా రెండురోజులు మంచులో పడి చావనివ్వను. నాడీన్ ఎక్కిన గుర్రం అది. ఆ పని నేనే చెయ్యాలి, నా చేత్తో, నా రైఫిల్‌తో. ఇంకో తుపాకీ నా దగ్గర లేదని నీకు తెలుసు.

మంగళవారం పోస్టు బండివాడు ఇటే వస్తాడు. బోల్టు గుడ్డలో చుట్టి వాడికియ్యి. నీకు చట్టం బెడద తీరుతుంది, నాకు గుర్రం పని తీరుతుంది. డిసెంబరు ఇంకా దూరముందిగా, ఇప్పుడు ఇస్తే ఎవరూ అడగరు.

వెర్లిన్


జునిపర్ ఫ్లాట్
సెప్టెంబరు 29

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పొయ్యిమీద పెట్టిన పాలు మరిచిపోయా. ఇల్లంతా మాడు కంపు. ఒపల్ కిటికీలోంచి "కొంప తగలేస్తావా ముసలీ!" అని కేకేసింది.

తప్పుగా అనుకోకు. గుర్రం గురించి నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ మార్చిలో ఆ పొద్దున నేను ఒవెన్‌లోంచి అప్పుడే తీసిన కోడికూర గిన్నె పట్టుకుని మీ షెడ్డు తలుపు తోసినప్పుడు, నువ్వు బల్లమీద కూర్చున్నావు, రైఫిలు ఒళ్లో ఉంది. "ఏం చేస్తున్నావురా?" అంటే "తుడుస్తున్నా" అన్నావు. నూనెడబ్బా లేదు, గుడ్డ లేదు. నా మొహం చూడలేదు నువ్వు. నేను క్లీట్ భార్యని, తుపాకీ తుడవడానికి ఏం కావాలో నాకు తెలియదా?

నేనేమీ అనలేదు. మన లోయలో ఎవరూ ఏమీ అనరు కదా. ఒకడి మనసు బాగోనప్పుడు వాడి తుపాకీ గోడకే ఉంచి, కాఫీ తాగి, బోల్టు మాత్రం జేబులో వేసుకుని వచ్చేస్తారు. వాడి మర్యాద వాడికి ఉంటుంది. నేనూ అలాగే ఏప్రన్ జేబులో వేసుకున్నా. నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నావు. నన్ను ఆపలేదు.

పశువుల డాక్టర్ని పిలవకూడదా? కొత్తగా వచ్చిందే, ఆడపిల్ల, మంచి చెయ్యంటున్నారు. సూదితో నొప్పి తెలియదట. లేదంటే దారి బాగున్నప్పుడు నేనే వస్తా, బోల్టు తెస్తా, నువ్వు ఆ పని చేసేదాకా పక్కనే నిలబడతా, మళ్లీ తీసుకుపోతా. అలా అయితే ఒప్పుకుంటావా?

జాము పంపుతున్నా. తినేముందు మూత చూసుకో. ఉబ్బితే పారెయ్.

అక్క


కోల్డ్ ఫోర్క్
అక్టోబరు 6

అక్కా,

పక్కన నిలబడతావా? నాకు డెబ్భై రెండేళ్లు. నేను గుర్రాన్ని కాలుస్తుంటే మా అక్క పక్కన చెయ్యి చాపుకుని నిలబడుతుందా, అయిపోగానే ఇలా ఇచ్చెయ్ నాయనా అని? క్లోవర్ కూడా సిగ్గుపడుతుంది.

చిన్నప్పుడూ ఇంతే నువ్వు. వాగు దాటాలంటే ముందు నన్ను దింపి, నేను మునక్కపోతే అప్పుడు దిగేదానివి. ఇప్పుడు మాత్రం నేను మునుగుతానని ముందే ఏడుస్తున్నావు.

ఒక్క సంగతి అడుగుతా. బోల్టు తీసుకెళ్లే పద్ధతి చెప్పావు. తిరిగిచ్చే పద్ధతి ఎందుకు చెప్పలేదు? అడిగితే ఇచ్చెయ్యాలి. ఎందుకని అడక్కూడదు. ఎవరైనా అంతే. బావ ఎంతమందివి దాచలేదు, అడిగిన రోజునే బండేసుకుని వెళ్లి ఇచ్చొచ్చేవాడు. ఆ నమ్మకం ఉండబట్టే మగాడన్నవాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. నేను కూర్చున్నది అందుకే. ఇప్పుడు అడుగుతున్నా. ఇచ్చెయ్.

డాక్టరు వద్దు. ఇన్నేళ్లు మోసినదాన్ని పరాయివాళ్ల చేతిలో పెట్టలేను.

వెర్లిన్


జునిపర్ ఫ్లాట్
అక్టోబరు 15

తమ్ముడూ వెర్లిన్,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశా. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

మీ బావ అడిగిన రోజునే ఇచ్చొచ్చేవాడన్నావు. నిజం. ఎమ్మెట్ గుర్తున్నాడా, ఎర్రజుట్టు, పాలకేంద్రం పక్కన ఉండేవాడు? ఎనభై ఒకటిలో వాడి బోల్టు మా ఇంట్లో ఉండేది. నాలుగు నెలలున్నాక ఏప్రిల్లో ఒకరోజు నవ్వుతూ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, నాకు గుడ్లు తెచ్చాడు. "కొయొటే నక్కలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి క్లీట్, దాంతో పనిబడింది" అన్నాడు. మీ బావ ఒక్కమాట అడక్కుండా ఇచ్చాడు. అదే పద్ధతి కదా. శుక్రవారం ఇచ్చాడు. ఆదివారం ఎమ్మెట్ లేడు. కంచె దాటుతుంటే పేలిందని చెప్పారు, లోయంతా అదే నమ్మింది. ఆ కంచెకి అసలు దాటాల్సినంత ఎత్తు లేదు.

మీ బావ ఆ తర్వాత ఎవరి బోల్టూ దాచలేదు. వచ్చి అడిగితే, చెయ్యి బాగోలేదనో పని ఎక్కువైందనో చెప్పేవాడు. "అడిగితే ఇచ్చెయ్యాల్సిందే అయితే దాచడం దేనికి లియోటా?" అన్నాడు నాతో ఒకసారి. ఈ మాట నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నువ్వు కూడా ఎందుకో ఈ మధ్య ఉత్తరాల్లో నవ్విస్తున్నావు. అదే నాకు భయం.

ఇచ్చేస్తే ఒక భయం, ఉంచుకుంటే ఒక భయం. ఒపల్ పేపరు చూసి చెప్పింది, ఈ చట్టం ముందే వచ్చిన పక్క రాష్ట్రంలో ఒకాయన కొట్లో డబ్బాల నిండా పాత భాగాలు దొరికితే మొత్తం పట్టుకెళ్లారట. ఎవరైనా గేటు తీస్తే నా ప్రాణం పైకి పోతోంది. మొన్న మీటరు చూసేవాడొస్తే పొయ్యి వెనకాల నక్కా. డెబ్భై ఏడేళ్లు నాకు!

నువ్వే ఒక దారి చెప్పు తమ్ముడూ. ఇచ్చెయ్ అని మాత్రం చెప్పకు.

అక్క


కోల్డ్ ఫోర్క్
అక్టోబరు 27

అక్కా,

ఎమ్మెట్ ఎమ్మెట్, నేను నేను. చచ్చినవాడి చొక్కా నాకు తొడక్కు.

నిన్న క్లోవర్ నీళ్లతొట్టి దగ్గర కూలబడింది. ఒక్కణ్నే రెండు గంటలు తంటాలు పడ్డా లేపడానికి. లేచింది. లేచి నా వైపు చూసిన చూపు నీకు రాయలేను.

నువ్వు ఇవ్వనంటే నేనూ పద్ధతి ప్రకారమే పోతా. డిసెంబరు ఒకటి దాటితే నీ దగ్గరున్నది పరాయి సొత్తు. షెరీఫుకి నేనే చెబుతా, మా అక్క నా భాగం ఒకటి ఇంట్లో పెట్టుకుని ఇవ్వనంటోంది, వచ్చి తీసుకెళ్లండీ అని.

వెర్లిన్


జునిపర్ ఫ్లాట్
నవంబరు 8

వెర్లిన్,

నీకు ఆ శ్రమ లేకుండా చేశా.

నీ ఉత్తరం వచ్చాక రెండురోజులు అన్నం సయించలేదు. నువ్వు షెరీఫుని పంపుతావని నేను కలలో కూడా అనుకోలేదు. సొంత అక్కమీదకి. మన అమ్మ ఉంటే ఏమనేదో.

గురువారం ఒపల్ కారులో కౌంటీ ఊరికి వెళ్లా. అక్కడ డెల్మర్ అని లైసెన్సున్న కొట్టాయన. పెద్ద మీసం, మర్యాదగల మనిషి. ఒపల్‌ని మందులకొట్లోకి పంపించి నేను ఒక్కదాన్నే లోపలికెళ్లా. బోల్టు బల్లమీద పెట్టి, "ఇది నా తమ్ముడిదండీ, నా దగ్గర ఉండకూడదట, మీ దగ్గర పెట్టుకోండి" అన్నా. ఆయన అద్దాలు పెట్టుకుని నంబరు చూసి పుస్తకంలో రాశాడు. నీ పేరు, ఊరు అడిగాడు, చెప్పా. నా సంతకం తీసుకున్నాడు. అది గీత దాటి కిందికి జారిపోతే "కూర్చోండమ్మా, ఇదేం హత్యకేసు కాదు" అన్నాడు. ఇంకేదో కూడా చెప్పాడు, చెమటలు పట్టి నా బుర్రకెక్కలేదు, తలూపేశా. రసీదు ఇచ్చాడు.

ఇప్పుడది నా దగ్గరా లేదు, నీ దగ్గరా లేదు. ప్రభుత్వం పుస్తకంలో ఉంది. నా మీద కేసు లేదు, నువ్వు నన్ను అడగడానికీ లేదు. సెప్టెంబరు నుంచి మొదటిసారి నిన్న ఒళ్లు తెలియకుండా నిద్రపోయా.

కోపం తగ్గాక రాయి. గుర్రానికి డాక్టర్ని పిలువు.

అక్క


కోల్డ్ ఫోర్క్
నవంబరు 18

అక్కా,

షెరీఫు మాట నిన్ను ఉడికించడానికి రాశా. అది నువ్వు నమ్ముతావనుకోలేదు. నమ్మినందుకు బాధగానే ఉంది, కానీ పనైతే అయింది.

డెల్మర్ దగ్గర్నుంచి కార్డొచ్చింది. మీ నంబరున్న భాగం మా కొట్లో ఉంది, మీరే వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు అని. కొత్త నిబంధన అదేనట. ఎవరి నంబరైతే వాళ్లకే చేరాలి. ఆ రోజు నీకు చెప్పింది ఇదే అయ్యుంటుంది.

సోమవారం, ఇరవై నాలుగున వెళ్తున్నా. కనుమ మీద మంచు తియ్యగానే. మధ్యాహ్నానికి చేరతా.

జాము బాగుంది.

వెర్లిన్


జునిపర్ ఫ్లాట్
నవంబరు 24, సోమవారం

వెర్లిన్, నా తండ్రీ,

నీ ఉత్తరం ఇప్పుడే, పదకొండింటికి వచ్చింది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఈ రోజు అయిపోతుంది. అయినా రాస్తున్నా. రాయకపోతే చేతులు ఏం చేస్తాయో తెలియడం లేదు.

నేనే చేశా ఇది. నా చేతులతో పట్టుకెళ్లి నీ దారిలో పెట్టొచ్చా.

డెల్మర్‌కి ఫోను చేశా. "మా తమ్ముడికి అది ఇవ్వకండి" అన్నా. "ఆయన వస్తువు, ఆయన నంబరు. ఇవ్వనని అనాలంటే నాకో కారణం కావాలమ్మా. ఏమిటి కారణం, చెప్పండి?" అన్నాడు. ఎంత నెమ్మదిగా అడిగాడో. మాట నోటిదాకా వచ్చింది. చెబితే రేపటికల్లా మేత కొట్లో, చర్చిలో, పోస్టాఫీసులో నువ్వు అడుగు పెట్టగానే మనుషులు గొంతు తగ్గిస్తారు. నిన్ను చూసి తలుపు చాటున చెప్పుకుంటారు. ఎనిమిది నెలలు నేను గొంతులో పెట్టుకున్నది అదే. ఫోను పెట్టేశా.

షెరీఫు ఆఫీసుకి చేశా. ఆ అమ్మాయి "తన వస్తువు తను తీసుకోవడం తప్పు కాదు కదండీ, ఇంకేమైనా ఉందా?" అంది. ఇంకేమైనా ఉందా అంటే ఏం చెప్పను?

ఒపల్ "కారు తీస్తాను కానీ ఈ మంచులో కనుమ ఎక్కలేదే" అంటోంది. ఎందుకని అడగడం లేదు. నా మొహం చూసి కోటు తొడుక్కుంది, అంతే.

మళ్లీ చేస్తా. ఈసారి చెప్పేస్తా. నువ్వు నన్ను జన్మలో క్షమించకపోయినా చెప్పేస్తా.

పన్నెండుంబావు. చేశా. ఆయన "హలో" అనగానే పెట్టేశా.

మళ్లీ చేస్తున్నా.


కోల్డ్ ఫోర్క్
నవంబరు 29

అక్కా,

బతికే ఉన్నా. ముందు ఇది రాయాలని ఇప్పుడు తోచింది. నీ ఉత్తరం బుధవారం అందింది.

ఒకటిన్నరకి కొట్లోకి వెళ్లా. డెల్మర్ బోల్టు తెచ్చి బల్లమీద పెట్టాడు, పక్కన ఫారం పెట్టాడు. ఎన్నాళ్లు మీ దగ్గర లేదు, ఎవరి దగ్గరుంది, ఎందుకు ఇచ్చారు. కింద, ఇదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను అని సంతకానికి గీత. "మరమ్మతు అని రాసి పడెయ్ వెర్లిన్, అందరూ అదే రాస్తున్నారు" అన్నాడు. రాయబోయా. ఇన్నేళ్లలో నేను అబద్ధం కింద సంతకం పెట్టింది లేదు. మన నాన్న గొర్రెల లెక్కలో కూడా పెట్టనివ్వలేదు, నీకు తెలుసు.

ఫోను మోగింది. డెల్మర్ ఎత్తాడు, ఎవరూ పలకలేదట. మళ్లీ మోగింది. మళ్లీ అంతే. "పొద్దుట్నుంచీ ఇదే. మీ అక్కయ్యేననుకుంటా. ఇవ్వొద్దంటుంది, ఎందుకో చెప్పదు" అన్నాడు. మూడోసారి మోగింది. ఆయన ఎత్తలేదు. మేమిద్దరం అది ఆగేదాకా చూస్తూ కూర్చున్నాం. చెవిటివాణ్ని కదా, నాకది ఎక్కడో దూరంగా మోగుతున్నట్టుంది.

ఆగాక రాశా. మార్చిలో నన్ను నేను చంపుకోబోతుంటే మా అక్క తీసుకెళ్లింది అని. అంతే రాశా.

డెల్మర్ చదివాడు. అద్దాలు తీశాడు. లేచి వెళ్లి తలుపుకి 'మూసివేశాం' బోర్డు తిప్పొచ్చాడు. "ఇది రాశాక నేను దీన్ని నీకివ్వకూడదు. చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకున్నా ఇవ్వను" అన్నాడు. కాఫీ పెట్టాడు. పరమ చెత్త కాఫీ. గంటసేపు ఎల్క్ దుప్పుల వేట గురించి మాట్లాడుకున్నాం.

శనివారం, అంటే ఇవాళ పొద్దున, డాక్టరమ్మ వచ్చింది. క్లోవర్ తల నా ఒళ్లో పెట్టుకున్నా. సూదితో పెద్దగా బాధపడలేదు. కళ్లు మాత్రం తెరిచే ఉంచింది.

గుర్రం సాకు కాదక్కా. గుర్రం నిజమే. కానీ సోమవారం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కోటు జేబులో రెండు తూటాలు వేసుకున్నా. గుర్రానికి ఒకటి చాలు. నేను ఎన్నడూ రెండోది వాడినవాణ్ని కాదు. కనుమ దిగుతూ జేబులో చెయ్యి పెడితే రెండూ తగిలాయి. రెండోది ఎందుకు వేసుకున్నానని నన్ను నేను అడగలేదు. ఫారం అడిగింది.

అలాగని నాకు కోపం లేదనుకోకు. ఉంది. ఆ ఫారం కౌంటీ ఆఫీసుకి చేరింది, అప్పుడే లోయంతా తెలిసిపోయింది. నిన్న మేత కొట్లో బస్తాలు మోసేవాడు కూడా నాతో రోగితో మాట్లాడినట్టు మాట్లాడాడు. నువ్వు తీసుకెళ్లకపోతే, తీసుకెళ్లినదాన్ని నీ దగ్గరే ఉంచుకుంటే, లేదా అడిగినప్పుడు ఇచ్చేస్తే నేను ఆ గీత మీద ఆ మాట రాసేవాణ్ని కాదు. ఇచ్చేస్తే ఏమయ్యేదో నాకూ తెలుసు. అయినా కోపం పోవడం లేదు. ఏం చెయ్యను?

కొన్నాళ్లు రాయకు. నేనూ రాయను.

వెర్లిన్


జునిపర్ ఫ్లాట్
డిసెంబరు 4

తమ్ముడూ,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటీ రాసి ఆపేస్తా.

కోపంగా ఉండు. ఎన్నాళ్లైనా ఉండు. మంచు కరిగేదాకా ఉండు, గొర్రెలు ఈనేదాకా ఉండు, నేను పోయాక కూడా ఉండు. నేను నిన్ను బతిమాలను. ఆ రెండో తూటా గురించి రాసిన చోట కాగితం నా చేతిలో తడిసిపోయింది, అది కూడా నీకు చెప్పాలని కాదు.

నా బెంగ నీకు తెలిసిందే. అది నీ కోపంతోనో నీ మాటతోనో పోయే రకం కాదు. కనుక ఒక్క పని చెయ్యి. ఇందులో పన్నెండు కవర్లు పెట్టా. స్టాంపులు అంటించా. వారానికొకటి, మంగళవారం పోస్టు బండిలో వెయ్యి. లోపల ఏమీ పెట్టక్కర్లేదు. ఒక్క ముక్క కూడా రాయక్కర్లేదు. ఖాళీ కవరే చాలు నాకు.

పైన అడ్రసు మాత్రం నేను రాయలేదు. అది నువ్వే రాయాలి, ఏ వారానికావారం, నీ చేత్తో.

అక్క